సరోజిని గారి సంతకం

జులై ఎండలో పొద్దుటి నుంచీ నిలిపి ఉంచిన కారు తలుపు తీస్తే ఒక వాసన వస్తుంది. వేడెక్కిన సీటు గుడ్డ, కదలని గాలి, వెనక సీటు కింద మరిచిపోయిన డబ్బాలోంచి పులిహోర ఇంగువ, అన్నీ కలిసిన వాసన. నిన్న క్యారీ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయం ఎదుట పనిలో ఉండి, కాళ్ళు సాగదీసుకుందామని దిగి, మళ్ళీ తలుపు తీసినప్పుడు అది మొహానికి కొట్టింది. ఒక్క క్షణం పక్క సీట్లో సరోజిని గారు ఉన్నారనిపించింది. ఉంటే ఈపాటికి, "కిటికీ జర దించు పిల్లా, మనల్ని గూడ పులిహోర జేస్తవా?" అని ఉండేవారు.

ఆమెను చూడని వాళ్ళకు ముందు ఆమె పని ఏమిటో చెప్పాలి. సరోజిని గారు లైసెన్సు ఉన్న ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్. పెళ్ళయి కరీంనగర్ నుంచి అమెరికా వచ్చి, ఒక బీమా కంపెనీలో ఇతరుల రిపోర్టులు టైపు చేసే పనిలో చేరి, మెల్లగా క్లెయిములు విచారించే ఉద్యోగంలోకి మారి, ఆ అనుభవంతో సొంత లైసెన్సు తెచ్చుకున్నారు. నేను కలిసేనాటికి ఆమెకు అరవై దాటాయి, భర్త పోయి చాలా ఏళ్ళయింది. పొట్టి మనిషి. మెడ దాకా కత్తిరించిన నెరిసిన జుట్టు, నడక బూట్లు. పాత మినీవ్యాన్ వెనక మనవలను చూసి మురిసిపోయే అమ్మమ్మల స్టిక్కరు ఒకటి అంటించి ఉండేది. "గీ స్టిక్కర్ ఉన్న బండిలకు పోలీసోడు గూడ తొంగి చూడడు" అనేవారు. డిటెక్టివ్ అనగానే మనకు పరుగులూ పిస్తోళ్ళూ గుర్తొస్తాయి. ఆమె పనిలో సగం కూర్చోవడం, మిగతా సగం చూసింది రాయడం.

అప్పట్లో నేను ఒక ఇండియన్ కిరాణా కొట్లో లెక్కలు చూసేదాన్ని. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయింది. ఇక్కడికి వచ్చాక మా వారి వీసా మీద ఆధారపడిన మనిషిగా ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నప్పుడు, లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాను. పని చేసే అనుమతి రాగానే ఆ కొట్లో చేరాను. కొన్ని నెలలకు ఫ్రోజెన్ సరుకు తరుగుతోందని యజమాని గోల పెట్టాడు. నేను పాత బిల్లులన్నీ ముందేసుకుని చూస్తే, తరుగు ఎప్పుడూ సరుకు దిగిన రోజునే, అదీ ఒకే వేళలో వస్తోంది. అది కాగితం మీద వేసి ఇచ్చాను. యజమాని సరోజిని గారిని పిలిచాడు.

ఆమె వచ్చి నా కాగితం చూశారు. "ఇది వేసిందెవరు?" అన్నారు.

"నేనేనండీ. ట్రక్కు డ్రైవరే చేస్తున్నాడని అంకెలు చెబుతున్నాయి."

"అంకెలు డ్రైవర్ అని ఎక్కడ చెప్పినయ్? ఏ దినం వచ్చి నిలబడాల్నో చెప్పినయ్, గంతే. మిగతాది నువ్వు కలిపినవ్."

ఆ తర్వాత సరుకు దిగిన శుక్రవారం ఆమె వెనక గేటు దగ్గర నిలబడ్డారు. సరుకు తరలించింది డ్రైవరు కాదు, మా కొట్లోనే పనిచేసే మనిషి. నాకు సిగ్గు వేయలేదు. ఆకలి వేసింది. ఇన్నాళ్ళూ నేను చేస్తున్న పనికి రెండో సగం ఒకటి ఉందనీ, అది నాకు రాదనీ ఆ రోజే తెలిసింది. ఆమె కారెక్కుతుంటే వెంట వెళ్ళి, ఈ పని నేర్చుకోవాలంటే ఏం చేయాలని అడిగాను.

"గ్రీన్‌కార్డ్ ఉన్నదా?"

"వచ్చి ఆర్నెల్లు అయిందండీ."

"మరి వేలిముద్రలియ్యి. నీ చరిత్రంతా వాళ్ళు చూసుకుంటరు. ఆ తర్వాత ఓపికుంటే రా."

మా నార్త్ కెరోలినాలో డబ్బు తీసుకుని ఇతరుల కోసం విచారణ చేయాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి. అది రావాలంటే పోలీసు ఉద్యోగం లాంటి అనుభవమైనా ఉండాలి, లేకపోతే ఆ పనే మూడు వేల గంటలు చేసి ఉండాలి. అదీ గత అయిదేళ్ళ లోపల. లైసెన్సు లేకుండా ఆ గంటలు ఎలా చేస్తారంటే, అందుకు అసోసియేట్ అని ఒక మెట్టు ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ళు ఒకరు స్పాన్సరుగా నిలబడి, తమ కనుసన్నల్లో పని నేర్పి, చేసిన గంటలకు సంతకం పెడతారు. స్పాన్సరు తప్పుకుంటే అసోసియేటు ఎక్కడివాడు అక్కడే ఆగిపోతాడు. "జార్జియాల అయితే పరీక్ష వెడ్తరు. మన దగ్గర పరీక్ష లేదు. గంటలే పరీక్ష" అని సరోజిని గారు చెప్పారు. వారానికి ఇరవై గంటల చొప్పున వేసుకుంటే దాదాపు మూడేళ్ళు. మూడేళ్ళంటే నాకు ఎక్కువనిపించలేదు. అప్పటిదాకా ఈ దేశంలో నా పేరున్న ప్రతి కాగితం మీదా పక్కన ఇంకొకరి పేరు ఉంది. నా పని వల్ల, నా ఒక్కదాని పేరు మీద వచ్చే కాగితం ఒకటి నాకు కావాలి.

మా వారు రవి ఆ సాయంత్రం తెగ నవ్వారు. సరోజిని గారు మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు కూడా ఊరుకోలేదు. "మేడమ్, ఇరవై ఏళ్ళ నుంచి ఈవిడ నా మీద ప్రాక్టీసు చేస్తోంది. ఆ గంటలు లెక్కలోకి రావా?"

"రావు తమ్మీ. స్పాన్సర్ లేడు గదా" అన్నారామె, పప్పు వడ్డించుకుంటూ.

అదే భోజనంలో మా పక్కింటి శ్రీనివాస్ ఒక మాట అన్నాడు. సాఫ్ట్‌వేర్ మనిషి, మంచివాడే. "మూడు వేల గంటలా అక్కా! మా వాళ్ళయితే రెజ్యూమేలో ఎనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఒక్క వీకెండ్‌లో పెట్టేస్తారు. నా ఫస్ట్ జాబ్‌కి నేను చేయని ప్రాజెక్టులు మూడున్నాయి తెలుసా?" అందరం నవ్వాం. మన వాళ్ళలో ఆ నవ్వు మామూలే. సరోజిని గారు కూడా నవ్వారు గానీ, మజ్జిగ పోసుకునే ముందు, "నీది కంప్యూటర్ కాబట్టి నడిచింది బిడ్డా. మాది మనిషి మీద చెప్పే మాట" అన్నారు.

నేర్పడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. నేను రాసిన ప్రతి రిపోర్టునూ వాళ్ళింటి వంటింటి బల్ల దగ్గర, అవతలి పక్షం లాయరులా చదివేవారు. చదివేటప్పుడు గొంతు, మొహం, భాష అన్నీ మారిపోయేవి. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, గరిటె చేత్తో పట్టుకుని, "మిసెస్ పద్మజా, ఆ పెట్టె బరువుగా ఉందని రాశారు. మీరు మోశారా?" అని స్వచ్ఛమైన ఇంగ్లీషులో అడిగేవారు.

"లేదండీ, ఆయన వంగిపోయి మోస్తున్నాడు."

"వంగడం చూశారు. బరువు చూశారా?"

"...లేదు."

"ఇగ కొట్టెయ్" అని మళ్ళీ తెలుగులోకి దిగేవారు. "నువ్వు లెక్కల మనిషివి. రెండు చూడంగనే కూడుతవ్. కూడుడు జడ్జి పని. నువ్వు రెండూ ఆయన ముంగట వెట్టి పక్కకు జరుగు." ఒక్కోసారి రెండు పేజీల రిపోర్టు ఆ బల్ల మీద అరపేజీ అయ్యేది. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత నేనే ఇంట్లో కొట్టేసుకుని తీసుకెళ్ళేదాన్ని. అయినా ఆమెకు ఏదో ఒకటి దొరికేది.

సగం గంటలు దాటాక, ఒక శ్రావణ శుక్రవారం, ఆమె నన్ను మొదటిసారి ఒంటరిగా పంపారు. గోదాములో పనిచేస్తూ నడుము దెబ్బతిందని పరిహారం కోరుతున్న మనిషి కేసు. బీమా వైపు లాయరు మాకు పని ఇచ్చాడు. రోడ్డు మీద నుంచి కనిపించేది చూసి రాయడమే నా పని. ఆయన మన తెలుగాయనే కావడం నాకు కలిసొస్తుందనుకున్నాను. ఆ వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవి. చీర కట్టుకుని కారులో కూర్చుంటే ఎవరూ పట్టించుకోరని లెక్క వేశాను. అక్కడే తప్పాను. అమెరికన్ల వీధిలో అయితే ఆ లెక్క సరిపోయేది. మన వీధిలో, శ్రావణ శుక్రవారం పూట, చీర కట్టుకున్న ఆడది ఇంటి ముందు కారులో ఒంటరిగా కూర్చుంటే ఊరుకుంటారా?

పదకొండు ప్రాంతంలో ఆ ఇంట్లోంచి ఒక పెద్దావిడ వచ్చి అద్దం మీద తట్టింది. "ఏమ్మా, వాయనానికొచ్చి కార్లో కూర్చున్నావేం? లోపలికి రా."

"అబ్బే, లేదండీ, నేను..."

"మొహమాటమా? శుక్రవారం పూట గుమ్మం దాకా వచ్చిన ముత్తయిదువ బొట్టు పెట్టించుకోకుండా పోతుందా? ఏ ఊరమ్మా మీది?"

"చీరాలండీ."

"అయ్యో, మా ఆడపడుచుది చీరాలే! రా రా."

చెయ్యి పట్టుకుంది. ఇక నా వల్ల కాలేదు. లోపల కాళ్ళకు పసుపు రాశారు, గంధం పూశారు, శనగలూ జాకెట్టు గుడ్డా ఒళ్ళో పెట్టారు. ఆ తంతు జరుగుతుండగానే నడుము దెబ్బతిన్న ఆ మనిషి గరాజులోంచి మడత బల్లలు రెండు ఒకేసారి ఎత్తుకొచ్చి హాల్లో వేశాడు. అంతకుముందు "కూర్చోండి అక్కా" అని నాకు కుర్చీ జరిపింది కూడా ఆయనే. కారులో నెల రోజులు కూర్చున్నా దొరకనిది ఒక్క గంటలో దొరికిందనుకున్నాను. ఇంటికి వెళ్ళి రిపోర్టు రాసి, సంబరంగా సరోజిని గారి దగ్గరికి వెళ్ళాను.

ఆమె చదివారు. కళ్ళజోడు జార్చలేదు, గరిటె పట్టుకోలేదు. "ఎవరని చెప్పినవ్ వాళ్ళకు?"

"ఏమీ చెప్పలేదండీ. ఆవిడే పేరంటానికి వచ్చాననుకుంది."

"అనుకోనిచ్చినవ్."

ఆమె కాగితం బల్ల మీద పెట్టారు.

"ఆయనకు లాయర్ ఉన్నడు. లాయర్ ఉన్న మనిషితోని ఇవతలి లాయర్ మనుషులు కలవొద్దు, మాట్లాడొద్దు. మొదటి నెలనే చెప్పిన. నువ్వు ఆయన ఇంట్ల కూసొని శనగలు తిన్నవ్."

"కానీ అక్కా, బల్లలు ఎత్తాడు! నా కళ్ళతో చూశాను!"

"దించినంక ఏం జేసిండు? నడుం పట్టుకున్నడా? పోయి పండుకున్నడా?"

నాకు తెలియదు. సరిగ్గా అప్పుడు నా కాళ్ళకు పసుపు రాస్తున్నారు, నేను తల వంచి ఉన్నాను. అదే చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయారు. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె ఫోను నా ముందుకు జరిపారు. "లాయర్‌కు నువ్వే చెప్పు. లోపటికి పోయిన అని చెప్పు. ఈ కాగితం ఆయన చేతిల పడొద్దు."

చెప్పాను. మాకు పని ఇచ్చిన ఆ లాయరు అంతా విన్నాడు. తర్వాత థాంక్యూ అని పెట్టేశాడు. మళ్ళీ మాకు పని పంపలేదు. ఆ కేసు ఎటు తేలిందో మాకు తెలియదు. ఆ నెల నా గంటల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు సరోజిని గారు ఒక గంట కొట్టేశారు. "కార్ల కూసున్న గంటలు నీయి. లోపట కూసున్న గంట వాళ్ళది. పేరంటం గంటకు రాష్ట్రం లైసెన్స్ ఇయ్యది."

ఆ లాయరు పోవడంతో మా పని సగానికి పడిపోయింది. వారానికి ఇరవై అనుకున్న గంటలు పది కూడా దాటేవి కావు. అయిదేళ్ళ లోపల అన్న నిబంధన మొదట్లో నాకు ఎంతో దూరంగా కనిపించింది. ఇప్పుడు మొదటి గంటలు పాతబడిపోకముందే చివరి గంటలు పూర్తి కావాలి. నేను కొట్లో పని తగ్గించుకున్నాను. సరోజిని గారు పాత పరిచయాలన్నీ తిరగేసి చిన్నా పెద్దా పనులు పట్టుకొచ్చారు. కోర్టు కాగితాలు అందించాల్సిన మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవడం, ప్రమాదం చూసిన సాక్షుల ఇళ్ళు వెతకడం, పాత రికార్డుల కోసం జిల్లా ఆఫీసుల్లో పడిగాపులు. ఏ పనీ వద్దనలేదు నేను. అలా ఇంకో రెండేళ్ళు గడిచేసరికి ఆమె మోకాళ్ళు మొరాయించాయి. ఆపరేషన్ తప్పదన్నారు.

జార్జియాలోని ఆల్ఫారెట్టా నుంచి కూతురు స్వాతి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, అమ్మంటే ప్రాణం. ఆపరేషన్ అయ్యాక అమ్మను తనతో తీసుకుపోవాలని, ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చింది. ఆ మధ్యాహ్నం వంటింట్లో మేం ముగ్గురమే ఉన్నాం. నాకు ఇంకా నాలుగు వందల పైచిలుకు గంటలు తక్కువ.

"మమ్మీ, ఆంటీకి ఎంత లెఫ్ట్ ఉంది? ఫోర్ హండ్రెడ్?" అంది స్వాతి, అట్టపెట్టెకు టేపు వేస్తూ. "షి ఈజ్ బెటర్ దాన్ యూ, నువ్వే చెప్పావ్ కదా. జస్ట్ సైన్ చేసెయ్. ఎవరు చెక్ చేస్తారు? ఆంటీ లైసెన్స్ తీసుకుంటది, నువ్వు రెస్ట్ తీసుకుంటవ్. ఎవరికీ హర్ట్ లేదు."

ఆ మాటలో దురుద్దేశం ఏమీ లేదు. నాకు పని వచ్చు, అదీ నిజమే. సరోజిని గారు నా వైపు తిరిగారు. నాకు ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. కాదనమని గానీ, అవుననమని గానీ. కలం బల్ల మీదే ఉంది.

"నువ్వు చెప్పు పద్మా. నీ లెక్క నీకెరుక. పెట్టమంటవా?"

ఆమె అలా అడుగుతారని నేను అనుకోలేదు. ఆమే కాదంటారని, నేను తల వంచుకుని ఒప్పుకుంటానని లోపల ఎక్కడో సిద్ధపడి ఉన్నాను. ఇప్పుడు కాదనాల్సింది నేను. శ్రీనివాస్ నవ్వు గుర్తొచ్చింది. నా ఒక్కదాని పేరు మీద కావాలనుకున్న కాగితం గుర్తొచ్చింది. ఆ గంటలు నావి కాకపోతే, ఆ కాగితం మీద ఉండే పేరు మాత్రం నాదెలా అవుతుంది?

"తక్కువ ఉన్నాయండీ. చేస్తాను" అన్నాను.

"ఎవరి దగ్గర చేస్తవ్? నేను పోతున్న."

"ఎవరి దగ్గరైనా సరే. మీరు అడగండి, నేను వెళ్తాను."

ఆమె వెంటనే ఫోను తీశారు. దక్షిణాన గంటకు పైగా దూరంలో, షెరీఫ్ ఆఫీసులో పోలీసుగా చేసి రిటైరై, సొంతంగా ఈ పని చేసుకుంటున్న డేల్ అనే ఆయన ఉన్నాడు. ఇద్దరికీ పాతికేళ్ళ పోటీ. ఆయనతో ఆమె మాట్లాడిన ఇంగ్లీషు నాకింకా చెవుల్లో ఉంది. "డేల్, నువ్వు నాకు ఎప్పుడూ మంచి చేయలేదు. ఇప్పుడు నేను నీకు చేస్తున్నాను. ఒక మనిషిని పంపిస్తున్నాను." అవతల ఆయన ఏదో గొణిగాడు. "లేదు, కాఫీ పెట్టదు. నీ రిపోర్టుల్లో తప్పులు పట్టుకుంటుంది" అని ఫోను పెట్టేసి, "నీ మీద కోపానికొస్తడు. మంచిదే" అన్నారు.

వచ్చాడు కూడా. డేల్ మొదటి నెలంతా నాకు రికార్డుల పనే ఇచ్చాడు. పోనూ రానూ అయ్యే ప్రయాణం గంటల్లో కలవదు. అది వాన రోజైనా, ట్రాఫిక్కు రోజైనా అంతే. ఇంటికి వచ్చేసరికి నడుము పట్టేసేది. రవి వంట నేర్చుకున్నారు, చారు బాగానే పెట్టేవారు. ఒక్కరోజు కూడా ఆ నాలుగు వందల గంటలు ఎవరైనా ఊరికే ఇస్తే బాగుండునని నాకు అనిపించలేదంటే అది అబద్ధం. చాలాసార్లు అనిపించింది. అయినా మర్నాడు పొద్దున కారు తీసేదాన్ని. చివరి గంట మీద డేల్ సంతకం పెట్టి, "ఆవిడ నాకు నిజంగానే మంచి చేసింది, ఆ మాట ఆవిడకు చెప్పకు" అన్నాడు. ఆ సాయంత్రమే చెప్పేశాను.

లైసెన్సు వచ్చిన రోజు ఆల్ఫారెట్టాకు కారులో వెళ్ళాను. సరోజిని గారు వాకరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. కార్డు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని నా పేరు అక్షరం అక్షరం చదివారు. అభినందనలేమీ చెప్పలేదు. "రెండేండ్లకోసారి రెన్యువల్. క్లాసులు గూడ చెయ్యాలె, మర్చిపోకు" అన్నారు. కార్డు నా చేతిలో పెట్టి, "ఇగ నీ మీద ఎవ్వరూ సంతకం పెట్టరు. భయమైతున్నదా?" అని అడిగారు. అవుతోందన్నాను. "కావాలె" అని నవ్వి, లోపలికి వెళ్ళి అన్నం పెట్టమని స్వాతిని కేకేశారు. ఆ తర్వాత ఆమె రెండేళ్ళు కూడా లేరు.

ఆమె పోయిన కొన్ని నెలలకు మొదటిసారి సాక్షి కుర్చీలో కూర్చున్నాను. రోడ్డు ప్రమాదం కేసు. అవతలి లాయరు కుర్రవాడు, చురుకైనవాడు. నా రిపోర్టులో పట్టుకోవడానికి ఏమీ దొరక్క నా మీద పడ్డాడు. కిరాణా కొట్లో లెక్కలు రాసేవారు కదా అన్నాడు. అవునన్నాను. డిగ్రీ లేదు కదా అన్నాడు. లేదన్నాను. అప్పుడు ఒక అడుగు ముందుకు వేసి, "ఈ లైసెన్సు కోసం మీరు చూపించిన మూడు వేల గంటలు, అమ్మా, మీరు నిజంగా చేసినవేనా? అన్నీ?" అని అడిగాడు.

ప్రమాణం చేసి కూర్చున్న కుర్చీ అది. ఆ గంటల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక వీధిలో, ఏదో ఒక కిటికీ ఎదుట, ఏదో ఒక జిల్లా ఆఫీసు బెంచీ మీద గడిచింది. నేను దేన్నీ వెతుక్కోనక్కర్లేదు, దేన్నీ కంఠతా పట్టి రానక్కర్లేదు. "చేసినవే. అన్నీ" అన్నాను.

ఆయన ఒక క్షణం నన్ను చూసి, కాగితం తిప్పి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. ఆ జవాబు ఇంకా నా దగ్గరే ఉంది. ప్రతిసారీ కోర్టు మెట్లెక్కేటప్పుడు అది నాతో ఉందో లేదో చూసుకోవాల్సిన అవసరం కూడా రాదు.